రామనామం వెంట: కద్రి గుహ నుంచి ఆనందాశ్రమం దాకా

మంగళవారం, మంగళూరు

మా అత్తగారు ఏళ్ళ తరబడి రామకోటి రాస్తున్నారు. ఆవిడ రాసేది ఉత్త 'శ్రీరామ' కాదు, 'శ్రీరామ జయరామ జయజయరామ' అనే పదమూడు అక్షరాల మంత్రం. పుస్తకం నిండగానే ఎవరో ఒకరి చేత భద్రాచలం పంపిస్తారు. ఉత్తర కేరళలో కాన్హంగాడ్ దగ్గరున్న ఆనందాశ్రమంలో పొద్దున్నించి రాత్రి దాకా ఇదే మంత్రం ఆగకుండా పాడతారని విన్నప్పటి నుంచీ వెళ్దామని పట్టు పట్టారు. ఆ ఆశ్రమం పెట్టిన స్వామి రామదాసు (మన భద్రాచల రామదాసు కాదు) ముందు మంగళూరులో సంసారి. అందుకని మంగళూరు నుంచే మొదలుపెట్టాం.

స్టేషన్ నుంచి కద్రి మంజునాథుడి గుడికి ఆటో 120 రూపాయలు అయింది. గుడికి ముందే ఒక చిన్న హోటల్లో ఆగాం. నీరుదోసె, కొబ్బరి బెల్లం కలిపిన తురుము, పనస ఆకుల దొన్నెలో ఆవిరి పట్టిన కడుబు తిన్నాం. అరటిపండు పిండిలో కలిపి వేయించిన బన్స్ అత్తగారికి బాగా నచ్చాయి. ఇద్దరికీ కలిపి 170 రూపాయలు. వడ్డించే కుర్రాడు మేం తెలుగువాళ్ళమని గుర్తుపట్టి, అడక్కుండానే ఇంకో గిన్నెలో కారం చట్నీ తెచ్చిపెట్టాడు. ఈ ఊళ్ళో ఒక మనిషి మూడు నాలుగు భాషలు మాట్లాడటం మామూలే. పక్క బల్ల మీద తుళులో మొదలైన సంభాషణ కన్నడంలోకి, అక్కణ్ణుంచి కొంకణిలోకి వెళ్ళింది.

కద్రి గుడిలో మంజునాథుడి లింగంతో పాటు బౌద్ధులు బోధిసత్వుడిగా కొలిచే లోకేశ్వరుడి కంచు విగ్రహం ఉంది. దాని పీఠం మీద ఈ తీరాన్ని ఏలిన ఆళుప వంశపు రాజు కుందవర్మ వేయించిన క్రీ.శ. 968 నాటి శాసనం ఉంది. మూడు ముఖాలు, ఆరు చేతులతో పద్మాసనంలో కూర్చున్న ఆ మూర్తిని చూస్తే ఇది ఒకప్పుడు బౌద్ధుల చోటని ఎందుకంటారో తెలుస్తుంది. ఆ తర్వాత ఈ కొండ మత్స్యేంద్రనాథుడు, గోరఖనాథుడు మొదలుపెట్టిన నాథయోగుల పరంపర చేతికి వచ్చింది. ఇప్పటికీ 12 ఏళ్ళకోసారి, నాసిక్ దగ్గరి త్ర్యంబకేశ్వరంలో కుంభమేళా అయ్యాక, నాథ జోగులు నెలల తరబడి నడిచి ఇక్కడికి చేరతారు. గుడి పైన ఉన్న జోగి మఠానికి కొత్త అధిపతిని కూర్చోబెట్టి పట్టాభిషేకం చేస్తారు. ఆయన్ని 'రాజు' అనే పిలుస్తారు. అన్నీ విడిచినవాడికి పట్టాభిషేకమేమిటని అక్కడున్న పూలావిణ్ణి అడిగాను. "కొండకి కాపలా ఉండాలి కదమ్మా, ఎవరో ఒకరు" అని కన్నడంలో అంది. నాకు వచ్చిన కొద్దిపాటి కన్నడానికి అంతే అర్థమైంది.

గోముఖం నుంచి పడే నీళ్ళు కాశీ నుంచి వస్తాయని ఇక్కడివాళ్ళ నమ్మకం. ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుని మెట్లెక్కాం. మఠానికి ఎదురుగా ఉన్న ఎర్రరాతి గుహల్ని పంచపాండవ గుహలంటారు. తల వంచితేగాని లోపలికి వెళ్ళలేం. ఇల్లు విడిచి ఏడాది పాటు దేశమంతా తిరిగి వచ్చిన రామదాసు మూడు నెలలు ఉన్నది ఇక్కడే.

ఆయన అసలు పేరు విఠల్ రావు. 1884లో కాన్హంగాడ్ దగ్గర హొసదుర్గంలో పుట్టారు. బొంబాయిలో నేతపని చదువు చదివి, మిల్లుల్లో ఉద్యోగాలు చేసి, చివరికి మంగళూరులో సొంతంగా బట్టల వ్యాపారం పెట్టి నష్టపోయారు. అప్పుల బాధలో ఉండగా తండ్రి ఆయనకు 'శ్రీరామ్ జయరామ్ జయజయరామ్' ఉపదేశించారు. ముందు 'ఓం' చేర్చుకుని రాత్రింబవళ్ళు జపించారు. తిండి తగ్గింది, నిద్ర తగ్గింది. 1922 డిసెంబరు చివరి వారంలో ఒక రాత్రి భార్య రుక్మాబాయికి ఉత్తరం రాసి పెట్టి రైలెక్కారు. శ్రీరంగంలో కావేరిలో స్నానం చేసి, తెల్లబట్టలు నదిలో వదిలేసి, కాషాయం కట్టుకున్నారు. దీక్ష ఇచ్చే గురువు లేడు. సన్యాసం పుచ్చుకునేటప్పుడు చేసే విరజాహోమం లేదు, దండం లేదు. మూడు వ్రతాలు మాత్రం పెట్టుకున్నారు: బతుకంతా రాముడి ధ్యానానికి, సేవకి ఇవ్వడం, బ్రహ్మచర్యంతో ప్రతి స్త్రీనీ తల్లిగా చూడడం, భిక్షాన్నంతోనే బతకడం.

ఈ గుహకి చేరకముందు, ఆయన హుబ్బళ్ళిలో ఉండగా రుక్మాబాయి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఇంటికి రమ్మని అడిగింది. అంతా రాముడి పని, నా చేతిలో ఏమీ లేదని ఆయన చెప్పారు.

ఇదంతా గుహ ముందు అరుగు మీద కూర్చుని అత్తగారికి చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు, "అమ్మాయ్, ఆ ఉత్తరం పెట్టి వెళ్ళిన నెల ఇంట్లో బియ్యం ఎవరు పోశారు?"

నా దగ్గర జవాబు లేదు.

"మా చిన్నాన్న ఇలాగే వెళ్ళిపోయాడు. కాశీలో ఉన్నాడని ఒక కార్డు వచ్చింది, అంతే. ఊళ్ళో అందరూ ఆయన్ని మహానుభావుడన్నారు. మా పిన్ని అప్పడాలు ఒత్తి, ఊరగాయలు పెట్టి అమ్మి ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఆవిణ్ణి ఎవరేమన్నారో నాకు తెలీదు. నాకు రామకోటి నేర్పింది ఆవిడే."

పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. ఈ ప్రయాణం ఆశ్రమం చూడడానికి మాత్రమే కాదని అప్పుడు అర్థమైంది.

ఆవిడ అడిగింది కొత్త ప్రశ్నేమీ కాదు. వైరాగ్యం ఏ రోజు కలిగితే ఆ రోజే వెళ్ళిపో అని జాబాలోపనిషత్తు చెబుతుంది. భార్యాపిల్లలకి ఏర్పాటు చేయకుండా సన్యాసం పుచ్చుకున్నవాడికి జరిమానా వేయమని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాశాడు. రెండూ మన పుస్తకాలే. పురాణాల్లో, హరికథల్లో మనం ఎక్కువగా విన్నది మొదటి మాటే.

బుధవారం, కాన్హంగాడ్

మంగళూరు నుంచి కాన్హంగాడ్‌కి ప్యాసింజరు టికెట్టు మనిషికి 50 రూపాయల లోపే. స్టేషన్ నుంచి ఆనందాశ్రమం ఐదారు కిలోమీటర్లు ఉంటుంది. ఆటోకి 150 ఇచ్చాం. డ్రైవరు ముస్లిం కుర్రాడు. 'ఆనందాశ్రమం' అనగానే "పాపా దగ్గరికా?" అన్నాడు. రామదాసుని ఇక్కడ అందరూ పాపా అంటారు. ఆయన వెంట నడిచిన కృష్ణాబాయిని మాతాజీ అంటారు.

మంజపతి కొండ కింద కొబ్బరి, మామిడి చెట్ల మధ్య ఉంటుంది ఆశ్రమం. ఆఫీసులో పేర్లు రాసుకుని గది తాళం ఇచ్చారు. ఎంత అని అడిగితే చేయి అడ్డంగా ఊపారు. గదికీ భోజనానికీ అద్దె ధర అంటూ లేదు. ఇవ్వాలనుకున్నవాళ్ళు వెళ్ళేటప్పుడు ఇస్తారు, ఇవ్వనివాళ్ళని ఎవరూ అడగరు.

మధ్యాహ్నం భోజనశాలలో నేల మీద పంక్తి. ఎర్రటి లావు బియ్యపు అన్నం, సాంబారు, కొబ్బరి వేసిన గుమ్మడికాయ కూర, పలచటి మజ్జిగ. తాగే నీళ్ళు లేత గులాబీ రంగులో గోరువెచ్చగా ఉన్నాయి. పతిముగం చెక్క వేసి కాచిన నీళ్ళు. వడ్డించేవాళ్ళు ఎవరూ అరవరు. కావాలంటే చేయి చూపించాలి, చాలంటే అరచేయి అడ్డం పెట్టాలి. ఎవరి పళ్ళెం వాళ్ళే కడుక్కోవాలి. నా పక్కన మైసూరు నుంచి వచ్చిన పెద్దావిడ అత్తగారి చేతిలోని పళ్ళెం తీసుకోబోయింది. అత్తగారు ఇవ్వలేదు. ఇద్దరూ కొళాయి దగ్గర పక్కపక్కన నిలబడి కడుక్కున్నారు.

భజన మందిరంలోకి వెళ్ళేసరికి రెండు గంటలు కావచ్చింది. బయటి చెప్పుల దగ్గరే నామం వినిపిస్తోంది. లోపల ఒకవైపు ఆడవాళ్ళు, ఒకవైపు మగవాళ్ళు. ఒకరు 'ఓం శ్రీరామ్ జయ్ రామ్ జయ్ జయ్ రామ్' అంటే మిగతావాళ్ళు అందుకుంటారు. ఆర్భాటం లేదు, తాళం వేగం పెరగదు, ఎవరికీ పూనకం రాదు. చెప్పేవాళ్ళు మారుతుంటారు, వరస మాత్రం తెగదు. మొదట్లో నాకు మనసు నిలవలేదు. ఇంట్లో గ్యాసు కట్టానా లేదా, తిరుగు రైలు ఎన్నింటికి, ఇలాంటివే. అత్తగారు మాత్రం కూర్చున్న క్షణం నుంచీ గొంతు కలిపారు. ఇంట్లో పెదవి కదపకుండా రాసుకునే మనిషి, ఇక్కడ పైకి అంటున్నారు. ఆవిడ గొంతు ఇంత బాగుంటుందని నాకు తెలీదు.

జపం మూడు రకాలని మనుస్మృతి చెబుతుంది. పైకి వినపడేలా చేసేది, పెదవులు కదిలీ కదలకుండా చేసే ఉపాంశువు, లోపల్లోపల చేసే మానసం. విధి ప్రకారం చేసే యజ్ఞం కంటే మామూలు జపం పది రెట్లు, ఉపాంశువు వంద రెట్లు, మానసం వెయ్యి రెట్లు గొప్పవని లెక్క. ఆ లెక్క ప్రకారం మేం చేస్తున్నది కింది మెట్టే. కానీ ఒక్కదాన్నే మానసం చేస్తే పది నిమిషాలకు నిద్ర పట్టేది. ఇక్కడ నలుగురి గొంతు నన్ను పట్టుకుని లాక్కెళ్ళింది. రామదాసు ఎంచిన దారి ఇదే. ఎవరికైనా, ఏ కులంవాళ్ళకైనా, దీక్షల లెక్క లేకుండా ఆయన ఈ మంత్రాన్ని ఇచ్చారు. తర్వాత తిరువణ్ణామలైలో విసనకర్ర పట్టుకుని తిరిగిన యోగి రామ్‌సూరత్‌కుమార్ ఈ నామం అందుకున్నది ఇక్కడే, 1952లో.

సాయంత్రం చీకటి పడే వేళకి మనసులో గ్యాసు, రైలు లేవు. అవి ఎప్పుడు పోయాయో గమనించలేదు.

గురువారం, ఆశ్రమంలోనే

తెల్లవారుజామున గంట వినగానే అత్తగారు నాకంటే ముందు లేచి కూర్చున్నారు. చలి లేదు, తేమ ఉంది. టిఫిను ఉప్మా, కాఫీ. తర్వాత మంజపతి కొండెక్కాను. అత్తగారు మోకాళ్ళ వల్ల రాలేదు. పైనించి చూస్తే కొబ్బరితోపులు సముద్రం దాకా పరుచుకున్నట్టు ఉంటాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా కింద మందిరంలో నామం కొండ మీదికి వినిపించింది.

దిగి వచ్చేసరికి అత్తగారు మైసూరావిడతో కలిసి సమాధి మందిరాల చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నారు. 1963లో వెళ్ళిపోయిన పాపాది ఒకటి, 1989లో వెళ్ళిపోయిన మాతాజీది ఒకటి, వాళ్ళ తర్వాత ఆశ్రమాన్ని చూసుకుని 2008లో వెళ్ళిపోయిన స్వామి సచ్చిదానందది ఒకటి. ప్రదక్షిణ అయ్యాక నీడలో కూర్చున్నాం. మైసూరావిడ మాతాజీ కథ చెప్పింది, సగం హిందీలో సగం కన్నడంలో. నేను తెలుగు చేశాను.

కృష్ణాబాయికి చిన్న వయసులోనే భర్త పోయాడు. ఇద్దరు కొడుకులు. బతకాలనిపించక చావుకి కూడా సిద్ధపడింది. 1928లో కాసర్‌గోడులో రామదాసు కొత్తగా పెట్టుకున్న ఆశ్రమానికి వచ్చింది. నామం పట్టుకుంది. వయసులో ఉన్న వితంతువు ఆశ్రమంలో ఉండటమేమిటని ఊరు గొడవ చేసింది, మాటలతో ఆగలేదు కూడా. చివరికి ఆ ఊరు వదిలి 1931లో ఇక్కడికి వచ్చి ఈ ఆనందాశ్రమం కట్టుకున్నారు. ఆ తర్వాత ఇంటి బరువంతా ఆవిడే మోసింది. వచ్చినవాళ్ళకి తిండి, చుట్టుపక్కల పేదలకి బట్టలు, ఇళ్ళు, పిల్లలకి బడి, రోగులకి వైద్యం, గోశాల, అన్నీ ఆవిడ చూపుకిందే నడిచాయి. లోకశాంతి కోసం రామనామ జపయజ్ఞం మొదలుపెట్టించిందీ ఆవిడే. పెట్టుకున్న లక్ష్యం 15,500 కోట్ల నామాలు. ఎక్కడెక్కడి భక్తులో తమ లెక్కలు రాసి పంపేవారు. 1933లో మొదలైన ఆశ్రమ మాసపత్రిక 'ది విజన్'లో ఆ మొత్తం అచ్చయ్యేది.

అత్తగారు మధ్యలో ఆపి ఒకటే అడిగారు. "వంట కూడా ఆవిడే చేయించేదా?" అవునంది మైసూరావిడ. వేళ దాటి వచ్చినవాణ్ణి కూడా తినకుండా పంపేది కాదట.

నా అభిప్రాయం నేను చెబుతాను. కావేరిలో తెల్లబట్టలు వదిలేసిన రామదాసు నాకు గొప్పవాడే. ఆయన నిజాయితీ మీద నాకు అణువంత అనుమానం లేదు. కానీ ఆ రాత్రి రైలు సన్యాసమంతా కాదు, దానికి మొదలు మాత్రమే. అది పూర్తయింది ఈ భోజనశాలలో. ఒక ఇంటి పొయ్యి ఆరిపోయిందేమో, దాన్ని ఎవరూ తిరిగి వెలిగించలేరు, రుక్మాబాయి ఒంటరి రోజులకి ఏ సేవా బదులు కాదు. అయినా 'నాది' అన్నది విడవడమంటే ఎవరికీ ఏమీ కాకుండా పోవడం కాదని, ఆకలితో వచ్చిన ప్రతివాడికీ ఏదో ఒకటి కావడమని ఇక్కడ కళ్ళారా చూశాను. అది చూపించింది ఎక్కువగా మాతాజీ. ఆవిడ ఒంటికి అంటిన వైధవ్యాన్ని లోకం శిక్షలా చూసింది, ఆవిడ దాన్ని విరక్తిగా మార్చుకుంది.

ఆ సాయంత్రం ఎవరో ఒకాయన అత్తగారికి జపమాల తిప్పే పద్ధతి చూపించారు. మాలని మధ్యవేలి మీద వేసుకుని బొటనవేలితో పూసలు జరపాలి. చూపుడువేలు తగలకూడదు. 108 పూసలు అయ్యాక, మాల కొసలు కలిసే చోట ఉండే మేరుపూసని దాటకుండా మాల వెనక్కి తిప్పుకోవాలి. "మా పిన్ని మిరపకాయ తొడిమలు లెక్కపెట్టినట్టు వేళ్ళ కణుపుల మీద చేసేది" అన్నారు అత్తగారు. "అది కూడా పద్ధతేనమ్మా, కరమాల అంటారు" అన్నాడాయన. ఆవిడ మొహం విప్పారింది.

శుక్రవారం, గురువనం, హొసదుర్గం

నిత్యానంద అనే అవధూత పేరు మీదున్న నిత్యానందాశ్రమానికని ఆటో ఎక్కితే, డ్రైవరు మమ్మల్ని ఊరు దాటించి అడవిలోకి తీసుకెళ్ళాడు. మేం వెళ్దామనుకున్నది ఊళ్ళో ఉన్న గుహల ఆశ్రమం. అతను తెచ్చింది గురువనానికి. నిత్యానంద పేరుతో రెండూ ఉన్నాయి కాబట్టి అతని తప్పేమీ లేదు. అదే మేలైంది. చెట్ల కింద పట్టపగలే చీకటి, బండ సందులోంచి వచ్చే చల్లటి నీటిధార. దాన్ని పాపనాశిని అంటారు. మాతోపాటు ఉన్నది ఒక్క పూజారి, రెండు కుక్కలు. పూజారి చేతికి బెల్లం అటుకుల ప్రసాదం ఇచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి తన పని చేసుకున్నాడు.

మధ్యాహ్నం ఊళ్ళోకి వచ్చి గుహలు చూశాం. పాత హొసదుర్గం కోట ఉన్న చోటే, 1920లలో, కౌపీనం తప్ప ఏమీ లేని నిత్యానంద ఎర్రరాతిలో నలభైకి పైగా గుహలు తొలిపించారు. కూలీలకి డబ్బు ఎక్కడిదని అధికారులు ఆరా తీశారని, ఫలానా రాయి కింద తీసుకో అంటే కూలి సరిగ్గా అక్కడ ఉండేదని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆయన తర్వాత మహారాష్ట్రలో గణేశ్‌పురి వెళ్ళి 1961లో అక్కడే దేహం విడిచారు. గుహల్లో అడుగు తడుముకుంటూ నడవాలి, టార్చి తప్పనిసరి. రామదాసు నామం చెప్పమన్నారు. నిత్యానంద ఎక్కువగా మాట్లాడనే లేదు. ఇంత దగ్గర్లో, దాదాపు ఒకే కాలంలో రెండు దారులు. నేను మొదటి దారి మనిషిని. గుహలో నిశ్శబ్దంలో కూర్చుంటే నాకు భయమే వేసింది.

రాత్రి స్టేషన్ దగ్గర కొట్లో పళంపొరి తిని సులైమానీ తాగాం. నేంద్రం అరటిపండు బజ్జీ 15 రూపాయలు, నిమ్మరసం పిండిన నల్లటీ 10.

శనివారం, అనంతపురం

ఇది మన అనంతపురం కాదు. కాసర్‌గోడు జిల్లాలో కుంబళ దగ్గర చెరువు మధ్యలో ఉన్న అనంతపద్మనాభుడి గుడి. తిరువనంతపురం స్వామికి ఇదే మూలస్థానమంటారు. ఈ చెరువులో ఏళ్ళ తరబడి గుడి నైవేద్యం తింటూ బతికిన బబియా అనే మొసలి 2022 అక్టోబరులో చనిపోయింది. మరుసటి ఏడాదే ఇంకో మొసలి కనిపించింది. మేం వెళ్ళినప్పుడు నీళ్ళు కదల్లేదు.

మాకు కావాల్సింది బిల్వమంగళ స్వామి కథ. అన్నీ విడిచి ఇక్కడ తపస్సు చేస్తున్న ఆ యతికి ఒక అనాథ పిల్లవాడు సేవకి చేరాడు. పూజలో ఉండగా అల్లరి చేస్తుంటే ఒకరోజు స్వామి విసుక్కుని ఎడమచేత్తో పక్కకి నెట్టాడు. ఆ పిల్లవాడు గుహలోకి మాయమయ్యాడు. తన్ని చూడాలంటే అనంతంకాడుకి, అంటే ఇప్పుడు తిరువనంతపురం గుడి ఉన్నచోట ఉండిన అడవికి, రమ్మన్నాడు. వాడే విష్ణువని స్వామికి అప్పుడు తెలిసింది. ఆ గుహ ద్వారం చెరువు మూల ఇప్పటికీ చూపిస్తారు. ఆయన దాంట్లోంచే వెతుక్కుంటూ తిరువనంతపురం దాకా వెళ్ళాడట.

"చూశావా, ఇల్లు వదిలినవాడికి కూడా పిల్లాడు తప్పలేదు" అన్నారు అత్తగారు. గుడి బయట పాయసం ప్రసాదం తీసుకుని, సగం తను తిని సగం నాకిచ్చారు.

ఖర్చులు, వెళ్ళేవాళ్ళకి

రైలు టికెట్లు కాక ఇద్దరికీ కలిపి ఆటోలకి, తిండికి మూడు వేలు కూడా కాలేదు. ఆనందాశ్రమానికి వెళ్ళేవాళ్ళు ముందుగా రాసి అడగాలి. మామూలుగా మూడు రోజులకి మించి ఉండనివ్వరు. లుంగీ, చీర, పంచె ఏదైనా సరే, శుభ్రంగా ఉంటే చాలు. మందిరంలో ఫోను మోగకుండా చూసుకోండి. గుహలకి టార్చి, కొండకి మంచినీళ్ళు తీసుకెళ్ళండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నేల మీద కూర్చోలేకపోతే ముందే చెబితే కుర్చీ ఇస్తారు.

ఆనందాశ్రమం నుంచి బయల్దేరేముందు అత్తగారు అక్కడి ఆఫీసులో ఇద్దరి పేర విరాళం కట్టారు. ఒకటి ఆవిడది. రెండోది వాళ్ళ పిన్నిది. గుమస్తా అడిగాడు, ఈవిడ ఉన్నారా అని. లేరు, పోయి చాలా ఏళ్ళయింది, రసీదు మాత్రం ఆవిడ పేరునే రాయండి అన్నారు.